బావ, నేను, లెవెల్ వన్

జూన్ 2, ఆదివారం

రిజిస్టర్ చేసేశాను. నవంబర్ స్లాట్. సబ్మిట్ నొక్కేటప్పుడు కళ్ళు మూసుకున్నాను, ఇంజక్షన్ చేయించుకునేటప్పుడు మూసుకున్నట్టు.

ఈ పరీక్ష ఎందుకు రాస్తున్నానో ఇక్కడ రాసి పెట్టుకోవాలి. లేకపోతే ఆగస్టు వచ్చేసరికి ఎవరో బలవంతం చేశారని అనుకుంటాను. మా టీమ్ చేసేది రికన్సిలియేషన్. బ్యాంకు చెప్పే అంకె, మా సిస్టమ్ చెప్పే అంకె ఒకటో కాదో పొద్దస్తమానం సరిచూడటం. మార్చి తర్వాత ఆ పని సాఫ్ట్‌వేర్ చేసుకుంటుందట. శుక్రవారం మా మేనేజర్ అందర్నీ గదిలోకి పిలిచి చెప్పింది. మెత్తగానే చెప్పింది పాపం. రీసెర్చ్ డెస్క్‌లో రెండు సీట్లున్నాయి, కానీ ఫైనాన్స్ సర్టిఫికేషన్ లెవెల్ వన్ పాసైన వాళ్ళకే ఇస్తారంది. బయటికొచ్చి అందరం ప్రింటర్ చుట్టూ నిలబడ్డాం. ఎవరికీ ప్రింట్ తీసుకునే పని లేదు.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. ఎగిరి గంతేసినంత పని చేసింది. మీ బావ కూడా నవంబరుకే రాస్తున్నారే, ఇద్దరూ కలిసి చదువుకోండి, ఆయనకీ తోడుంటుంది అంది.

బావ ఇదివరకే రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ పోయింది. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

జూన్ 4, మంగళవారం

సిలబస్ ప్రింట్ తీశాను. ప్రింటర్‌లో కాగితాలు అయిపోయాయి.

జూన్ 9, ఆదివారం

అక్కావాళ్ళ ఫ్లాట్ నా గదికి రెండు వీధుల అవతల. నేను వెళ్ళేసరికి బావ హాల్లో గోడ మొత్తం ఆక్రమించేశాడు. నాలుగు చార్టులు అతికించి ఒకటి చేశాడు. పైన వారాలు, పక్కన సబ్జెక్టులు. ఎథిక్స్‌కి ఆకుపచ్చ, అకౌంట్స్‌కి నీలం, బాండ్స్‌కి ఎరుపు. ఎరుపు ఎక్కువగా ఉంది. అదేంటి బావా అంటే, ఇష్టమైనదానికి కాస్త చోటు ఎక్కువ పెట్టుకున్నానన్నాడు సిగ్గుపడుతూ.

బావ లిఫ్టులు రిపేరు చేసే కంపెనీలో అకౌంటెంట్. ఎక్కడికెళ్ళినా ముందు లిఫ్ట్ ఏ కంపెనీదో చూస్తాడు. ఇంట్లో మాత్రం మాట్లాడేది వడ్డీ రేట్ల గురించే. నలుగురూ కూర్చుని సినిమాల గురించి చెప్పుకుంటుంటే ఈయన బాండ్ మార్కెట్ గురించి చెప్తాడు, అదీ అంతే హుషారుగా. అక్క ఆయనకి పెట్టిన పేరు టైమ్‌టేబుల్. టైమ్‌టేబుల్ గారూ, స్నానం ఏ గడిలో ఉందో చూసుకుని వెళ్ళండి అని కేకేసింది వంటింట్లోంచి.

ప్లాన్ మీద గంటల తరబడి మాట్లాడుకున్నాం. ఎథిక్స్ ముందు చదవాలా, చివర చదవాలా. ముందు చదివితే మర్చిపోతాం. చివర చదువుదామంటే చివరికి టైముండదు. ముందోసారి, చివరోసారి చదవాలని బావ తేల్చాడు. ఆదివారాలు ఇద్దరం కలిసి, మిగతా రోజులు ఎవరి పాటికి వాళ్ళం. ఆగస్టులో ఒక మాక్, అక్టోబరులో ఒక మాక్. మాక్ అంటే అసలు పరీక్ష లాంటి ఉత్తుత్తి పరీక్ష.

ఇంటికొచ్చేటప్పుడు ఒళ్ళంతా తేలిగ్గా అనిపించింది. సగం సిలబస్ అయిపోయినట్టే ఉంది. ఒక్క పేజీ చదవలేదు.

జూన్ 10, సోమవారం

ప్లాన్ ప్రకారం ఐదింటికి లేవాలి. అలారం లేచింది. నేను లేవలేదు.

జూన్ 23, ఆదివారం

డ్యురేషన్ అనే చాప్టర్ మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కొత్తగానే ఉంది. బావతో అదే మొరపెట్టుకున్నాను. పుస్తకం మూసి నన్ను బాల్కనీలోకి తీసుకెళ్ళాడు. తీగ మీద అక్క చీర ఆరేసి ఉంది, పక్కన ఆయన రుమాలు.

గాలి వస్తే ఏది ఎక్కువ ఊగుతుంది అన్నాడు. చీర అన్నాను. ఎందుకు? పొడుగ్గా ఉంది కాబట్టి. గాలి అంటే వడ్డీ రేటు, చీర ఇరవై ఏళ్ళ బాండు, రుమాలు ఏడాది బాండు, రేటు కదిలితే ఏ బాండు ధర ఎంత ఊగుతుందో చెప్పేదే డ్యురేషన్ అన్నాడు. లోపలికొచ్చి లెక్కలు చేశాను. పదింటికి తొమ్మిది రైట్.

ఇలా చెప్పగలిగిన మనిషి రెండుసార్లు ఎలా ఫెయిలయ్యాడు?

జూలై 14, ఆదివారం

నిజం రాసుకుంటున్నాను. ఈ నెలన్నరలో చదివిన దానికన్నా ఎలా చదవాలో చదివిందే ఎక్కువ. పాసైన వాళ్ళ వీడియోలు చూస్తూ కూర్చున్నాను. ఒకాయన నోట్స్ రాయొద్దంటాడు. ఇంకొకావిడ నోట్స్ రాయకపోతే దండగంటుంది. ఇంకొకాయన ఫ్లాష్ కార్డులు చేసుకోమన్నాడు. రంగు కార్డులు కొని, అంచులు గుండ్రంగా కత్తిరించుకున్నాను. కత్తిరించడంతోనే వారం గడిచింది.

ఇవాళ క్వశ్చన్ బ్యాంకులో ఇద్దరం ఒకే సెట్ చేశాం. నాకు సగం కూడా రాలేదు. బావకి ఒకటో రెండో తప్పాయి. నేను క్యాలిక్యులేటర్ కవర్ తీసేలోగా ఆయన జవాబు చెప్పేస్తున్నాడు.

అక్క టీ తెచ్చి, ఎవరికెన్ని అని అడిగింది. చెప్పాను. అక్క మొహం వెలిగిపోయింది. ఈసారి కొట్టేస్తారండీ అంది ఆయనతో. బావ టీలోకి చూస్తూ ఊఁ అన్నాడు.

ఆగస్టు 18, ఆదివారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

మాక్ కోచింగ్ సెంటర్లో. అసలు పరీక్షలాగే చేస్తారని పేరు. గేటు దగ్గర ఐడీ చూశారు, ఫోన్లు లాకర్లో పెట్టించారు, మనిషికో కంప్యూటర్, మధ్యలో అట్ట గోడలు. బావ నా వెనక వరసలో. దారి పొడవునా జోకులేస్తూ వచ్చినవాడు లాకర్ దగ్గర మాట్లాడటం మానేశాడు. నిద్ర చాల్లేదేమో అనుకున్నాను.

మొదలైన కాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడైంది. బావ బయటికెళ్ళాడు. బాత్రూమ్‌కేమో అనుకున్నాను. ఇరవై ప్రశ్నలు చేశాక తిరిగి చూశాను. కుర్చీ ఖాళీ. ఇంకో పది చేశాను. ఖాళీనే. ఆ పదింటిలో ఏం గుర్తు పెట్టానో దేవుడికే తెలియాలి. చెయ్యెత్తి బయటికొచ్చేశాను.

మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు, వణకడం కనపడకుండా. గుండె నొప్పా బావా అని అడిగాను. కాదని తలూపాడు. నీళ్ళు తెచ్చిచ్చాను. సగం చొక్కా మీదే పోయాయి.

నువ్వు లోపలికెళ్ళు, నీ టైమ్ పోతోంది అన్నాడు. పోతే పోనీ అన్నాను. అప్పుడు చెప్పాడు. మొదటిసారి పరీక్షలో కూర్చున్నాడట. స్క్రీన్ మీద గడియారం తిరగడం మొదలవగానే చేతులు తన చేతులు కానట్టు అయిపోయాయట. ఊపిరి అందక, ఒక్క ప్రశ్న కూడా చదవకుండా లేచి వచ్చేశాడట. రెండోసారి సెంటర్ దాకా వెళ్ళి ఎదురుగా బస్టాపులో కూర్చున్నాడట. అందరూ బయటికొచ్చే వేళ దాకా కూర్చుని, వాళ్ళతో పాటు ఇంటికెళ్ళాడట. తర్వాత ఓ రోజు ఫెయిలయ్యానని అక్కతో చెప్పాడట.

నేనసలు ఫెయిలే కాలేదు చిట్టీ, ఫెయిలవ్వాలంటే పరీక్ష రాయాలి కదా అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

అక్కకి చెప్పొద్దన్నాడు. నేను చెప్పనన్నాను. మరి ఏమంటాను ఆ మెట్ల మీద?

ఆగస్టు 19, సోమవారం

అక్క ఫోన్. మాక్ ఎలా రాశారే ఇద్దరూ అని. పర్లేదు అక్కా అన్నాను. పర్లేదంటే ఏంటే? పర్లేదంటే పర్లేదు. మీటింగుందని పెట్టేశాను. మీటింగ్ లేదు.

ఆగస్టు 25, ఆదివారం

వంక పెట్టి అక్కావాళ్ళింటికి వెళ్ళలేదు. ఎథిక్స్ చదివాను. ప్రతి ప్రశ్నలోనూ ఎవరో ఒక అనలిస్టుకి ఏదో ఒక రహస్యం తెలుస్తుంది. ఎ, దాచాలి. బి, చెప్పాలి. సి, పై అధికారిని అడగాలి. నాకు పై అధికారి అంటే అక్కే. ఆవిడ్నే అడగలేను.

నాకు కష్టంగా ఉన్నది అబద్ధం కాదు. అక్క ప్రతిసారీ ఈసారి కొట్టేస్తారండీ అంటుంది. అది విన్నప్పుడల్లా ఆయన మొహం ఎలా అవుతుందో ఇప్పుడు నాకు తెలుసు. ప్రేమగా అంటున్న మాటే ఆయన పీక మీద కూర్చుంటోంది. అక్కకి ఆ సంగతి తెలియదు. తెలిస్తే ఒక్కసారి కూడా అనేది కాదు.

ఆగస్టు 28, బుధవారం

లంచ్ టైములో బావ ఆఫీసుకి వెళ్ళాను. కింద షెడ్డులో ఊడదీసిన లిఫ్టు తలుపులు గోడకి ఆనించి ఉన్నాయి. వాటి పక్కన నిలబడి చెప్పాను. నేను అక్క దగ్గర ఎన్నాళ్ళో దాచలేను బావా, నేను చెప్పను, నువ్వే చెప్పు అన్నాను. ఏం చెప్పను అన్నాడు. నాకు మెట్ల మీద ఎలా చెప్పావో అలాగే అన్నాను.

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తలుపు మీద మరకని బొటనవేలితో తుడుస్తూ నిలబడ్డాడు. అది మరక కాదు, తుప్పు.

సెప్టెంబర్ 1, ఆదివారం

చెప్పేశాడు. అన్నం తింటూ, అన్నట్టు, అని మొదలుపెట్టి చెప్పేశాడట. నేనక్కడ లేను. అక్క ఫోన్ చేసి చెప్పింది. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. నీకు ముందే తెలుసట కదా అంది. తెలుసన్నాను. మంచిది అంది. పెట్టేసింది.

సెప్టెంబర్ 3, మంగళవారం

అక్క ఫోన్ ఎత్తడం లేదు. బావ ఎత్తాడు. ఇంట్లో ఎలా ఉంది బావా అంటే, మ్యూట్‌లో ఉందన్నాడు.

సెప్టెంబర్ 8, ఆదివారం

పొద్దున్నే తలుపు కొట్టారు. అక్క. క్లినిక్ యూనిఫామ్‌లోనే ఉంది. ఒక పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటుగా చేస్తుంది, ఆదివారాలూ సగం రోజు ఉంటుంది. నా మంచం మీద కూర్చుని, ఫ్లాష్ కార్డులు పక్కకి తోసి, ఒక్కసారిగా బద్దలైంది.

నాకు చెప్తే నేనేమన్నా పరీక్ష పెడతానా ఆయనకి? మార్కులేస్తానా? ఏళ్ళ తరబడి ఒకే మంచం మీద పడుకునే మనిషి బస్టాపులో పొద్దుపోయేదాకా కూర్చుని ఇంటికొచ్చి, తలనొప్పిగా ఉందంటే నేను జండూబామ్ రాశానే! తలకి రాశాను! అని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నేనూ రెండూ చేశాను.

ఆమె కోపం పరీక్ష గురించి కాదు. భయపడ్డప్పుడు తన దగ్గరికి రాకుండా బస్టాపుకి వెళ్ళాడని. చాలాసేపటికి లేచి మొహం కడుక్కుని, ఆ హాలెలా ఉంటుందో చెప్పు అంది. లాకర్లు, ఐడీ, అట్ట గోడలు, గడియారం, అన్నీ చెప్పాను. శ్రద్ధగా వింది. మా క్లినిక్ పైఅంతస్తులో ఒక డాక్టరుగారున్నారు, ఇలాంటి భయాలకి చూస్తారు, ఈయన్ని తీసుకెళ్తాను అంది. బావ ఒప్పుకుంటాడా అన్నాను. ఒప్పుకోక ఎక్కడికెళ్తారు, లిఫ్టులో కూర్చోబెట్టి తీసుకెళ్తా అంది.

సెప్టెంబర్ 14, శనివారం

డాక్టరు చెప్పింది బావ ఇలా చెప్పాడు. ఇది పిరికితనం కాదట, చాలామందికి ఉంటుందట. ప్రమాదమేమీ లేకపోయినా ఒంట్లో సైరన్ మోగుతుందట. సైరన్ మోగుతున్నా అక్కడే కూర్చోవడం కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలట. ముందు గడియారం పెట్టుకుని ఇంట్లో. తర్వాత తెలియని చోట. తర్వాత పదిమంది మధ్య.

బావ కొత్త చార్టు గీశాడు. దాని మీద సబ్జెక్టులు లేవు. కుర్చీలున్నాయి. వంటింటి కుర్చీ, లైబ్రరీ కుర్చీ, కోచింగ్ సెంటర్ కుర్చీ.

సెప్టెంబర్ 22, ఆదివారం

లైబ్రరీలో బావ పక్కన కూర్చున్నాను. ఫోన్లో గడియారం తిప్పాడు. మొదట కాసేపు బాగానే ఉన్నాడు. తర్వాత ఊపిరి చప్పుడు మారింది. నేను చదువుతున్నట్టు నటిస్తూ ఆయన చేతులు చూస్తున్నాను. లేవలేదు. నుదుటి మీద చెమట పుస్తకం మీద చుక్కలుగా పడింది. లేవలేదు. గడియారం ఆగాక పెన్ను కింద పెట్టి, బయటికెళ్దామా అన్నాడు, ఏదో సినిమా అయిపోయినట్టు.

సెప్టెంబర్ 29, ఆదివారం

ఇది ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ. నాకు బావ మీద కోపంగా ఉంది.

క్వశ్చన్ బ్యాంకులో నా స్కోరు జూలైలో ఎక్కడుందో అక్కడే ఉంది. ఆదివారాలన్నీ ఆయన కుర్చీలకే పోతున్నాయి. ఆయనకి ఉద్యోగం ఉంది. పాసవకపోతే ఉండేది ఆయన లిఫ్ట్ కంపెనీలోనే. నేను పాసవకపోతే మార్చిలో బాక్సు సర్దుకోవాలి. ఈ మాట మనసులో అనుకోగానే నా మీద నాకే అసహ్యం వేసింది. అసహ్యం వేసినా స్కోరు పెరగలేదు.

అక్టోబర్ 1, మంగళవారం

చెప్పేశాను. ఇకనుంచి ఆదివారాలు నేను రాలేను బావా, నాకు అకౌంట్సే ఇంకా సగం మిగిలింది అన్నాను. నేనే అందామనుకుంటున్నా, నీ టైమంతా నేనే తినేస్తున్నా అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకే ఏదోలా ఉంది.

అక్టోబర్ 5, శనివారం

సాయంత్రం బావ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి ఒక కాగితం ఇచ్చాడు. రంగుల్లేవు. నా స్కోర్లన్నీ అక్కతో నా దగ్గర్నుంచి తెప్పించుకుని, నా ఒక్కదాని కోసం రాసిన ప్లాన్.

డెరివేటివ్స్ సబ్జెక్టు మొత్తం వదిలెయ్ అని ఉంది మొదటి లైను. ఎప్పుడూ ఏ వీడియోలోనూ ఎవరూ ఏదీ వదిలెయ్యమనలేదు. అన్నీ చదవాలనే చూస్తున్నావు, అందుకే దేనికీ అందడం లేదు అన్నాడు. అకౌంట్స్‌కి ప్రశ్నలెక్కువ, ఎథిక్స్‌కి ఎక్కువ, ఈ రెండూ రోజూ, మిగతావి రోజు మార్చి రోజు, కొత్త చాప్టర్ ముట్టుకోకు, తప్పు పోయిన ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ చెయ్యి. అంతే ప్లాన్. కిందికి దిగుతూ, ఆ బాండ్స్ మాత్రం చెయ్యి, అవి బావుంటాయి అన్నాడు.

లోపలికి రమ్మన్నా రాలేదు. ఇవాళ లైబ్రరీ కుర్చీ ఉందట. ఒక్కడే.

అక్టోబర్ 13, ఆదివారం

స్కోరు కదిలింది! మొదటిసారి కదిలింది!

అక్టోబర్ 20, ఆదివారం

రెండో మాక్. అదే కోచింగ్ సెంటర్. ఈసారి నేను వెనక్కి తిరగనని అక్కకి మాటిచ్చాను. తిరగలేదు. కానీ చెవులు వెనకే ఉన్నాయి. మొదటి సెషన్‌లో కుర్చీ జరిగిన చప్పుడు లేదు. రెండో సెషన్‌లో ఒకసారి జరిగింది. కాసేపటికి మళ్ళీ జరిగింది. వెళ్ళాడు, వచ్చాడు.

వచ్చాడు.

బయట అక్క ఎదురుచూస్తోంది. ఎలా రాశారని అడగలేదు. ఆకలేస్తోందా అని అడిగింది. బావ ఆమె భుజం మీద చెయ్యేశాడు. నేను షూ లేసు కట్టుకున్నాను. అది ఊడిపోలేదసలు.

నవంబర్ 15, శుక్రవారం

రేపే. మేనేజర్ మధ్యాహ్నమే ఇంటికి పంపేసింది. వెళ్ళేముందు నా డెస్క్ దగ్గరికొచ్చి, నేను ఈ పరీక్ష మూడోసారికి పాసయ్యాను, ఎవరితో అనకు అంది. ఇక్కడ అంటున్నాను.

నవంబర్ 16, శనివారం

ఉదయం

టీ తాగాను. రెండు గుడ్లు తిన్నాను. క్యాలిక్యులేటర్, ఐడీ. పెన్ను మూత మళ్ళీ మళ్ళీ తీసి పెడుతున్నాను. పరీక్షలో పెన్ను వాళ్ళే ఇస్తారు.

సాయంత్రం

ఇద్దరికీ ఒకే సెంటర్, ఒకే స్లాట్ వచ్చింది. మెయిన్ రోడ్డు మీద అద్దాల బిల్డింగు. అక్క బయటి గేటు దాకా వచ్చింది. ఈసారి కొట్టేస్తారు అనే మాట నోటిదాకా వచ్చినట్టుంది, మింగేసి, నేను ఇక్కడే ఉంటాను అంది. ఎదురుగా బస్టాపు. అక్క అక్కడే కూర్చుంది. బావ తిరిగి చూశాడు. ఆయన లోపలికి నడిచాడు.

మొదటి సెషన్ బాగా చేశాను. అకౌంట్స్ నేను చేసినవే మళ్ళీ వచ్చినట్టున్నాయి. రెండో సెషన్ సగంలో జరిగింది. ఒక ప్రశ్న చదివాను. మళ్ళీ చదివాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, మాటలూ తెలుస్తున్నాయి, అర్థం మాత్రం రావడం లేదు. పక్క ప్రశ్నకి వెళ్ళాను. అదీ అంతే. పైన గడియారం పరిగెడుతోంది. చెవుల్లో హోరు. అరచేతులు తడిసి మౌస్ జారిపోతోంది. ఇన్నాళ్ళూ బావని ఓదార్చాను కానీ, లోపలెక్కడో ఇంత పెద్దమనిషికి ఇంత భయమేంటి అనే అనుకున్నాను. ఇంతే. ఇంత పెద్దమనిషికీ ఇంతే.

చెయ్యెత్తాను. గడియారం ఆగదు, ఫర్వాలేదా అంది అక్కడి ఇన్విజిలేటర్. తలూపి కారిడార్‌లోకి వచ్చాను.

నీళ్ళ కూలర్ దగ్గర బావ నిలబడి ఉన్నాడు.

కారిడార్‌లో మాట్లాడకూడదు. ఒకాయన కుర్చీ వేసుకుని మమ్మల్నే చూస్తున్నాడు. బావ మొహం పాలిపోయి ఉంది. నా మొహం చూశాడు. చూడగానే ఆయనకి తెలిసిపోయింది. ఇంకెవరికి తెలుస్తుంది? దగ్గరికి రాలేదు. సైగ చెయ్యలేదు. తన కప్పులో నీళ్ళు తాగి, ఇంకో కాగితం కప్పు నింపి, కూలర్ పైన పెట్టాడు. తర్వాత నిదానంగా, నాకు వినపడేంత గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. మళ్ళీ పీల్చి వదిలాడు. నేనూ వదిలాను. కుర్చీలో ఉన్నాయన అనుమానంగా లేచాడు. ఊపిరి పీల్చకూడదని రూల్స్‌లో లేదు. మళ్ళీ కూర్చున్నాడు.

బావ లోపలికెళ్ళాడు. బయటికెళ్ళే దారి అటు కాదు, ఇటు ఉంది. ఆయన లోపలికే వెళ్ళాడు.

నీళ్ళు తాగి నేనూ వెళ్ళాను. ఆ ప్రశ్న మళ్ళీ చదివాను. బాండ్ల ప్రశ్న అది. రేటు పెరిగితే ఏ బాండు ధర ఎక్కువ పడుతుంది అని. బి.

నవంబర్ 17, ఆదివారం

నిద్రపోయాను.

డిసెంబర్ 11, బుధవారం

రిజల్టుకి జనవరి దాకా ఆగాలి. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్ళొచ్చారు. మేం చేసే పని వాళ్ళకి మేమే నేర్పాలి. మంచి పిల్లలే. అడిగినవన్నీ చెప్తున్నాను.

జనవరి 21, మంగళవారం

మెయిల్ ఆఫీసులో ఉండగా వచ్చింది. పాస్. అంచు మీదే, కానీ పాస్. మేనేజర్ గదిలోకెళ్ళి స్క్రీన్ చూపించాను. లేచి నిలబడి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. ఒక సీటు నీదే అంది.

బావకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. అక్క కూడా ఎత్తలేదు. సంతోషం అక్కడే ఆగిపోయింది. ఆఫీసయ్యాక నేరుగా వాళ్ళింటికి నడిచాను. ఏం చెప్పాలో దారిలో రకరకాలుగా అనుకున్నాను. ఏదీ బాగా లేదు.

తలుపు తెరిచే ఉంది. బల్ల మీద కేకు. పక్కింటావిడ కూడా ఉంది, ఏంటండీ విశేషం అని అడుగుతోంది. అక్క కేకు కోస్తూ, మా ఆయన ఫెయిలయ్యారండీ అంది. ఆవిడ ముక్క చేతిలో పట్టుకుని, అభినందించాలో ఓదార్చాలో తెలీక, వస్తానండీ అని వెళ్ళిపోయింది.

బావ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. చూడు చిట్టీ, ఫెయిల్! మార్కుల రిపోర్టొచ్చింది! ఇదివరకు రెండుసార్లూ హాజరు కాలేదనో, పూర్తి చెయ్యలేదనో రెండు ముక్కల మెయిలే వచ్చేదట. ఇప్పుడు సబ్జెక్టుకో గీత, గీత మీద చుక్క. బాండ్స్ చుక్క ఎక్కడో పైన ఉంది. ఎథిక్స్ చుక్క కింద మునిగిపోయింది. ఇదిగో, ఇక్కడ పోయింది, ఇక్కడ పోయిందని తెలుస్తోంది చూశావా అన్నాడు. చిన్నపిల్లాడి ఎక్స్‌రే చూపిస్తున్న డాక్టరులా ఉన్నాడు. చివరి ప్రశ్న దాకా చేశాడట. గడియారం సున్నా అయ్యేదాకా కూర్చున్నాడట.

నాదేమైందని అక్క అడిగింది. పాసయ్యానన్నాను. అక్క కత్తి బల్ల మీద పడేసి నన్ను పట్టుకుంది. బావ మా ఇద్దర్నీ కలిపి పట్టుకున్నాడు. మా ముగ్గురిలో ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు. క్రీమ్ మాత్రం నా జుట్టుకే అంటింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

రేపటి నుంచి రీసెర్చ్ డెస్క్. కుర్చీ ఇంకా రాలేదట, సర్దుకోమన్నారు.

బావ ఆగస్టుకి రిజిస్టర్ చేశాడు. ఈసారి ప్లాన్ ఏంటి బావా అని అడిగాను. చదువుతాను అన్నాడు.